గోడ మీద వెలుగు బొత్తాం

గోడ మీద ఒక వెలుగు బొత్తాం.

కోటు బొత్తాం అంత ఉంది. గుండ్రంగా, అంచు మెత్తగా, ఎవరో ఇప్పుడే సున్నం గోడకి కుట్టి వెళ్లినట్టు.

కుట్టు మిషను గదిలో పడమటి కిటికీ తలుపులు మూసి ఉన్నాయి. ఆ చెక్క తలుపుకి ఎప్పుడో మేకు ఊడిపోయిన చిల్లు ఒకటి. సాయంత్రపు ఎండ అందులోంచి దూరి, గదంతా దాటి, ఎదురుగోడ మీద వచ్చి వాలింది.

ఇంకెవరైనా అయితే చూసి ఊరుకునేవారు.

ఆయన ఊరుకోలేదు. కిటికీ దగ్గరికి వెళ్లి చిల్లుని వేలితో తడిమాడు. పలకల మేకు ఉన్న చోటు. చిల్లు చదరంగా, నాలుగు పలకలు. గోడ మీద వెలుగు మాత్రం గుండ్రం.

నాలుగు పలకల చిల్లులోంచి గుండ్రటి వెలుగా...

అనుమానం.

ఆయనకి అనుమానం కొత్త కాదు. గ్యాస్ కట్టేసి మూడుసార్లు చూస్తాడు. తాళం వేసి లాగుతాడు, వీధి మలుపు దాకా వెళ్లి వెనక్కి వచ్చి మళ్ళీ లాగుతాడు. మాత్రలు కొంటే అట్ట మీద తేదీని వెలుతురుకి పెట్టి చదువుతాడు. ఆ తేదీ వేసినవాడు సరిగ్గా వేశాడా అని అప్పుడు ఇంకో అనుమానం మొదలవుతుంది. మేనకోడలు ఆయనకి 'అనుమానం మావయ్య' అని పేరు పెట్టింది. ఆ పేరు ఎందుకు పెట్టిందా అని కూడా రెండు రోజులు ఆలోచించాడు.

ఆస్పత్రిలో ఎక్స్‌రే తీసే పని చేసి రిటైరయ్యాడు. పై అంతస్తులో ఒక్కడే ఉంటాడు. కింద చెల్లెలు, ఆమె కూతురు, ఆమె కుట్టు మిషను. చెల్లెలి భర్త దూరాలకి లారీ తోలుతాడు. ఆ వారం ఊళ్లో లేడు.

ఇంకో అయిదు రోజుల్లో గ్రహణం.

పాక్షికం. నాలుగూ పన్నెండుకి పట్టడం మొదలు. అయిదూ అయిదుకి సగానికి పైగా పోతుంది. పూర్తిగా విడవకుండానే సూర్యుడు దిగిపోతాడు. ఆ టైములు ఆయన రెండు పేపర్లలో సరిచూశాడు. ఒక నిమిషం తేడా వచ్చింది. ఆ ఒక్క నిమిషం ఆయన మనసులో పురుగులా తొలిచింది.

మేనకోడలికి పదకొండేళ్లు. చూస్తానంది. సూర్యుణ్ణి సూర్యుడిలాగే, సూటిగా చూస్తానంది.

"మీ మావయ్యని అడుగు" అంది చెల్లెలు, మిషను ఆపకుండా.

అంతే అంది.

మీ మావయ్యని అడుగు... ఊరికే అందా? ఉద్దేశంతో అందా? మిషను ఆపి ఉంటే మొహం చూసి తెలుసుకునేవాడు. ఆపలేదు.

—

ముప్పై ఏడేళ్ల కిందట ఇలాంటిదే ఒక సాయంత్రం.

ఆయనకి ఇరవై ఒకటి. ఆస్పత్రి చీకటిగదిలో ఫిలిములు కడిగే పని, చేరి ఆరు నెలలు. వీధిలో అందరికంటే ముందు తనకే అన్నీ తెలుసన్న పొగరు. గ్రహణం వస్తుందని, ఎండలో పెట్టి నల్లగా కడిగిన ఫిలిములు తెచ్చాడు. పూర్తిగా నలుపు. రెండేసి పొరలు. ఇప్పుడైతే అవీ వద్దంటున్నారు, అప్పట్లో అదే గొప్ప. వీధి పిల్లలందరికీ ముక్కలు చేసి పంచాడు. వాళ్లందరి కళ్లూ బాగానే ఉన్నాయి. పెద్దయ్యాక కూడా ఒక్కొక్కరినీ ఏదో వంకతో అడిగి తెలుసుకున్నాడు.

చెల్లెలికి నల్ల ముక్క నచ్చలేదు. తొమ్మిదేళ్లది. "బొమ్మ ఉన్నది కావాలి" అని కాళ్లు నేలకేసి కొట్టింది.

బొమ్మ ఉన్నది ఒక్కటే ఉంది.

ఆయన చెయ్యి.

ఎక్స్‌రే మిషను పనిచేస్తోందో లేదో చూడటానికి తన చేతినే పెట్టి తీసుకున్న ఫిలిం. అయిదు వేళ్లు, మణికట్టు, గులకరాళ్లలా చిన్న ఎముకలు. చెల్లెలంటే ప్రాణం. ఏడుపు చూడలేక ఇచ్చేశాడు.

ఎక్స్‌రేలో ఎముక తెల్లగా ఉంటుంది. తెల్లగా అంటే అక్కడ ఫిలిం మీద నలుపు లేదు. వెలుగుకి అడ్డు లేదు. ఆ సంగతి వీధిలో ఇంకెవరికీ తెలియదు. ఆయనకి తెలుసు. రోజంతా ఆయన చేసే పనే అది. అయినా ఆ క్షణాన గుర్తు రాలేదు.

చెల్లెలు కుడికన్ను అరచేత్తో మూసుకుంది. ఎడమకంటికి అన్నయ్య చెయ్యి పెట్టుకుని మేడ మీద నిలబడింది. ఎంతసేపో తెలియదు. గుర్తొచ్చి, పరుగెత్తి లాక్కున్నాడు.

"బావుందన్నయ్యా" అంది. నవ్వింది. ఫిలిం మళ్లీ ఇమ్మంది.

నొప్పి ఉండదు. అదే దాని మోసం. కంటి లోపల కాలినా నొప్పి పుట్టదు. తర్వాతెప్పుడో చూపుకి నడిమధ్యన ఒక మచ్చ తేలుతుంది. చుట్టుపక్కలన్నీ కనపడతాయి. సూటిగా చూసింది మాత్రం మాయమైపోతుంది. ఇదంతా ఆయన తర్వాత చదివాడు. చదివిన రోజు అన్నం సహించలేదు.

చెల్లెలు ఆ రోజు ఏమీ అనలేదు.

ఆ తర్వాతా అనలేదు.

ఆయన అడగలేదు. అడిగితే చెబుతుందేమోనని.

—

చెల్లెలు టైలరు. అదే ఆయన ధైర్యం. అదే ఆయన భయం.

చూపు లేకపోతే ఇంత సన్నటి పని ఎలా చేస్తుంది? చేస్తోందిగా. మరి సూదిలో దారం ఎక్కించేటప్పుడు తల ఎడమకి ఎందుకు వాలుస్తుంది? కొందరికి అలవాటు. మరి కాజాలు కుట్టడం మానేసి, పక్క వీధిలో ఇంకొకామెకి ఎందుకు ఇస్తోంది? పని ఎక్కువై. పని ఎక్కువ లేని నెలల్లో కూడా ఇచ్చిందే...

ఇలా ముప్పై ఏడేళ్లు.

గ్రహణం దగ్గర పడేకొద్దీ ఆయన గూఢచారి అయిపోయాడు. ఒకరోజు పేపరు తెచ్చి, అన్నిటికంటే చిన్న అక్షరాలున్న చోటు చూపించి చదవమన్నాడు. "కళ్లజోడు పైన మర్చిపోయావా?" అని, చకచకా చదివిపెట్టింది. రెండు కళ్లతో చదివితే ఏం లాభం? ఇంకోరోజు ఆమె కుడిచేతిలో కత్తెర ఉన్నప్పుడు చూసి, "కుడికంట్లో ఏదో పడినట్టుంది, మూసుకో, చూస్తా" అన్నాడు. ఆమె కత్తెర కింద పెట్టి, కుడికన్ను మూయలేదు సరికదా, రెండు కళ్లూ పెద్దవి చేసి ఆయన వంక చూసింది.

"నా కళ్లకేం అన్నయ్యా. నీకే ఏదో అయింది."

ఆయన కుక్కిన పేనులా మేడెక్కి వెళ్లిపోయాడు.

మేనకోడలు స్టేషనరీ షాపులో మూడు కాగితం కళ్లజోళ్లు కొనుక్కొచ్చింది. గ్రహణం కోసమే చేసినవి, అట్ట మీద భద్రమని ముద్ర. ముద్ర చూడగానే ఆయనకి అనుమానం వచ్చింది. నిజమైనవాడు ఇంత పెద్ద ముద్ర ఎందుకు వేస్తాడు?

ఒక్కొక్కటే పెట్టుకుని ట్యూబులైటు వంక చూశాడు. సూర్యుడి కోసం చేసిన అద్దంలోంచి ఇంట్లో దీపం కనపడకూడదు. మొదటిదాంట్లో కనపడలేదు. రెండోదాంట్లో కనపడలేదు. మూడోదాంట్లో — సన్నగా, తెల్లగా, ట్యూబులైటు గీత.

మూడూ పక్కన పెట్టేశాడు.

"రెండు బాగానే ఉన్నాయిగా మావయ్యా!"

"ఒకే షాపు, ఒకే కట్ట. మూడోది అబద్ధమైతే, మొదటి రెండూ నిజమని నీకెవరు చెప్పారే?"

పిల్ల ఒంటికాలి మీద లేచింది. ఏడ్చింది. క్లాసులో అందరూ చూస్తారట, తను ఒక్కతే చూడదట. తల్లి వెనకేసుకొస్తుందని ఆయన అనుకున్నాడు. కూరలో ఉప్పు దగ్గర్నుంచి కర్టెన్ రంగు దాకా అన్నతో వాదన పెట్టుకునే మనిషి.

చెల్లెలు వాదించలేదు.

"మావయ్య వద్దంటే వద్దు" అంది. కత్తెర తీసుకుని మూడు కళ్లజోళ్లనీ కచకచా కత్తిరించేసింది.

గుడ్డ కత్తెరతో.

ఆ కత్తెర కాగితానికి తగిలితే మొండిబారుతుందని ఇంట్లో ఎవర్నీ ముట్టుకోనివ్వదు. ఒకసారి పిల్ల దాంతో పుస్తకాల అట్ట కత్తిరించినందుకు పూటంతా మాట్లాడలేదు. అలాంటిది... గుడ్డ కత్తెరతో. ఒక్క మాట వాదించకుండా.

ఎందుకు?

—

సూటిగా చూడటం లేదు సరే. మరి ఎక్కడ, ఎలా?

మేడ మీద అయితే అయిదూ అయిదుకి సూర్యుడు పక్క బిల్డింగు నీళ్ల ట్యాంకు వెనక్కి పోతాడు. వరసగా రెండు రోజులు అదే టైముకి వెళ్లి, సూర్యుడి వంక కాకుండా ట్యాంకు నీడ వంక చూసి తేల్చాడు. ఆటస్థలంలో జనం ఉంటారు. జనంలో పిల్ల చెయ్యి వదిలించుకుని ఎవరి కళ్లజోడో అడిగి పెట్టుకుంటుంది. వీధిలో అయితే స్తంభాలు, తీగలు, పైకి చూస్తూ నడిచేవాళ్లు, వాళ్లని గుద్దే స్కూటర్లు.

మిగిలింది కుట్టు మిషను గది. పడమటి కిటికీ.

వెలుగు బొత్తాం ఎందుకు గుండ్రమో పిల్లే చెప్పింది, పాఠంలో ఉందట. "అది చిల్లు ఆకారం కాదు మావయ్యా. సూర్యుడి బొమ్మ. సూర్యుడు ఎలా ఉంటే అదీ అలాగే ఉంటుంది." ఆయన నమ్మలేదు. పోస్టుకార్డుకి మూడు పలకల చిల్లు చేసి చూశాడు. గుండ్రమే. నక్షత్రం ఆకారంలో చేసి చూశాడు. గుండ్రమే. అప్పుడు నమ్మాడు, సగం.

సుద్దతో గోడ మీద గీతలు పెట్టాడు. ఎండ దిగుతుంటే వెలుగు గోడ ఎక్కుతుంది. నిమిషానికి చిటికెనవేలి మందం. వాచీ పెట్టుకుని నాలుగు సాయంత్రాలు కొలిచాడు. చెల్లెలి సుద్ద సగం అరిగిపోయింది. ఆమె అరవలేదు. అదీ లెక్కలో వేసుకున్నాడు.

"ఒక్క సూర్యుడేనా?" అంది పిల్ల, ఇంకా అలకతోనే.

చెల్లెలు లేచి, పిల్లకి కుట్టబోయే గౌను కోసం కత్తిరించి ఉంచిన కాగితం తీసింది. లావుపాటి సూదితో దానికి చిల్లులు పొడవటం మొదలుపెట్టింది. బెత్తెడు ఎడంగా ఒక్కొక్కటి. భుజం దగ్గర మూడు, నడుం చుట్టూ ఆరు, కుచ్చులకి పది.

"ఇదిగో, పంతొమ్మిది" అంది.

చిల్లు పొడిచిన ప్రతిసారీ ఆమె తల కాస్త ఎడమకి వాలింది. ఆయన లెక్కపెట్టాడు. పంతొమ్మిదిసార్లు.

—

గ్రహణానికి ముందురోజు చెల్లెలు గుడ్డలు ఇవ్వడానికి బయటికి వెళ్లింది. ఆయన గదిలో దూరాడు.

పాత ఎక్స్‌రే ఫిలిములంటే టైలర్లకి పనికొచ్చే వస్తువు. బిరుసుగా ఉంటాయి, చిరగవు. కాలర్లకీ జేబులకీ అచ్చులుగా కత్తిరించుకుంటారు. ఆయనే ఏళ్ల తరబడి తెచ్చి ఇచ్చాడు. గోడకి వేలాడుతున్న కట్ట విప్పి ఒక్కొక్కటే చూశాడు. ఎవరివో పక్కటెముకలు, జేబు ఆకారంలో. ఎవరిదో మోకాలు, కాలరు ఆకారంలో. చెయ్యి లేదు.

"ఏం వెతుకుతున్నావ్ మావయ్యా?"

పిల్ల గుమ్మంలో ఉంది. ఆయన కట్ట మళ్లీ గోడకి తగిలించాడు.

"ఏం లేదమ్మా. ఊరికే."

"చెయ్యి బొమ్మ ఉన్నదా? అది ఇక్కడుండదు. అమ్మ పెట్టె అడుగున దాచింది. నన్ను కూడా ముట్టుకోనివ్వదు."

దాచింది.

ముప్పై ఏడేళ్లు దాచింది. అన్నయ్య చెయ్యి అని ప్రేమతో దాచుకుందా? సాక్ష్యంగా దాచి ఉంచిందా? ఆ సాయంత్రం ఆయన మేడ మీద నీళ్ల ట్యాంకు నీడలో కూర్చుని తన చేతిని తనే చూసుకున్నాడు. ముడతలు పడింది. చర్మం కింద ఎముకలు అలాగే ఉన్నాయి.

—

ఆ రోజు వచ్చింది. మబ్బు లేదు. మబ్బు లేకపోవడం కూడా ఆయనకి అనుమానంగానే ఉంది.

నాలుగూ పదికి పిల్ల బడి నుంచి రావాలి. రాలేదు. నాలుగూ ఇరవై. నాలుగూ ఇరవై అయిదు. పైన పట్టడం మొదలైపోయింది. ఆయనకి ఒక ఆలోచన తట్టింది.

పెట్టె.

గదిలోకి వెళ్లి పెట్టె మూత ఎత్తాడు. అడుగు దాకా చెయ్యి పోనిచ్చాడు. చెయ్యి బొమ్మ లేదు.

పడుతూ లేస్తూ వీధిలోకి పరుగెత్తాడు. మెట్ల దగ్గరే పిల్ల ఎదురైంది, సంచీ ఊపుకుంటూ. సంచీ లాక్కున్నాడు. పుస్తకాలు, డబ్బా, స్కేలు అన్నీ మెట్ల మీద గుమ్మరించాడు. "ఏదీ? ఎక్కడ పెట్టావ్? చూశావా? పైకి చూశావా?"

"ఏంటి మావయ్యా! ఏం చూడలేదు! టీచరు ఎవర్నీ బయటికి వదల్లేదు, అందుకే లేటు!"

పిల్ల బావురుమంది. అనుమానించింది చాలక, వీధిలో అందరి ముందూ. అన్నా చెల్లెళ్ల మధ్య ముప్పై ఏడేళ్ల భయం ఆ పసిదాని సంచీలో ఉంటుందా? ఆయనకి సిగ్గేసింది.

చెల్లెలు గుమ్మంలోకి వచ్చింది. చేతిలో టేపు.

"అది నా దగ్గరుందన్నయ్యా. నిన్నే తీసేశా. పిల్ల చేతికి దొరక్కూడదని."

దొరక్కూడదని.

అంటే అది కంటికి చేటని తెలుసు. ఎలా తెలుసు? ఆయన ఎప్పుడూ చెప్పలేదే...

చెల్లెలు కిందికి దిగి పుస్తకాలు ఏరుతోంది. ఆయన వంక చూడలేదు.

—

అయిదూ ఒకటి.

కిటికీ తలుపులు తెరిచి, గౌను కాగితం అడ్డంగా వేలాడదీసి, చుట్టూ నల్లగుడ్డ బిగించారు. ఎదురుగోడకి తెల్లటి లైనింగు గుడ్డ. ఆయన ఆజ్ఞ ఒక్కటే: అందరి వీపులూ కిటికీ వైపు, ఎవరూ వెనక్కి తిరగకూడదు, చిల్లులోంచి కూడా చూడకూడదు. మూడుసార్లు చెప్పాడు. నాలుగోసారి చెప్పబోతే పిల్ల చెవులు మూసుకుంది.

అయిదూ అయిదు.

తెల్లగుడ్డ మీద సూర్యులు.

పంతొమ్మిది. ఒక్కటీ గుండ్రంగా లేదు. అన్నీ కొరికినవే, అన్నీ ఒకే వైపు. భుజం దగ్గర మూడు, నడుం చుట్టూ ఆరు, కుచ్చులకి పది. వెలుగుతో కుట్టిన గౌను, లోపల మనిషి లేదు.

"అమ్మో..." అంది పిల్ల. అలక ఎటు పోయిందో పోయింది. ఒక కన్ను మూసుకుని లెక్కపెట్టింది. ఇంకో కన్ను మూసుకుని లెక్కపెట్టింది. రెండు కళ్లకీ పంతొమ్మిదే వచ్చాయని గెంతింది.

"అమ్మా, నువ్వూ! ఒక్కో కన్నుతో!"

తను పన్నలేకపోయిన వల ఈ పిల్ల నవ్వుతూ పన్నింది.

చెల్లెలు ఎడమకన్ను మూసుకుంది. వేలితో గాల్లో చూపిస్తూ, నిదానంగా లెక్కపెట్టింది. "పంతొమ్మిది."

"ఇప్పుడు అటు!"

చెల్లెలు కుడికన్ను అరచేత్తో మూసుకుంది.

అలాగే. మేడ మీద నిలబడ్డ తొమ్మిదేళ్ల పిల్ల అచ్చం అలాగే.

ఆమె వేలు లేచింది. ఆగింది. తల కొద్దిగా ఎడమకి...

ఇంకొక్క క్షణంలో తెలిసిపోతుంది. ఇన్నేళ్లుగా దేనికోసం కాపు కాశాడో అది. పంతొమ్మిది అని ఆమె ఊరికే అనేయవచ్చు, చిల్లులు పొడిచింది ఆమే. కానీ ఆ వేలు అబద్ధం చెప్పలేదు. ఒక్కొక్క సూర్యుణ్ణీ అది చూపించాలి.

ఆయన లేచి వెళ్లి, గుడ్డకీ చెల్లెలికీ మధ్య నిలబడ్డాడు.

సూర్యులన్నీ ఆయన వీపు మీద పడ్డాయి. గుడ్డ మీద ఆయన నీడ.

"మావయ్యా, అడ్డం!"

ఆయన జరగలేదు. గోడ వైపు తిరిగే, గోడకే చెప్పినట్టు, అడిగాడు.

"ఆ రోజు... దాంట్లో ఎక్కడినుంచి చూశావమ్మా?"

ఏ రోజు అని ఆమె అడగలేదు. దేంట్లో అని అడగలేదు.

"ఎముకలోంచి" అంది. "అక్కడే బాగా కనపడింది."

ఆయన కళ్లు మూసుకున్నాడు.

"కళ్లు చెదిరిపోయాయన్నయ్యా. అయినా తియ్యలేదు. నీ చెయ్యే కదా అడ్డం ఉంది, నాకేమవుతుందిలే అనుకున్నా."

వీధిలో ఎవరో ఈల వేశారు. పిల్ల ఒకసారి తల్లినీ, ఒకసారి మావయ్యనీ చూసింది. ఆయన ఏడుస్తున్నాడు. ముప్పై ఏడేళ్లుగా ఏడవాల్సింది, చప్పుడు లేకుండా, గుడ్డకి నుదురు ఆనించి.

"మరి కన్ను..." అన్నాడు. "మరి నీ కన్ను..."

"గుడ్డా, గౌను కాగితమూ తీసెయ్యవే" అంది చెల్లెలు కూతురితో. "తలుపులు వెయ్యి. బయటికి చూడకు."

పిల్ల గోడ మీది తెల్లగుడ్డ లాగేసి, తల దించుకుని కిటికీ దగ్గరికి వెళ్లింది. కాగితం తీసింది. తలుపులు వేసింది. గదిలో చీకటి. మేకు చిల్లు ఒక్కటే మిగిలింది.

చెల్లెలు కుడికంటి మీద అరచెయ్యి తియ్యలేదు. అలాగే నడిచి వచ్చి, అన్నయ్య పక్కన నిలబడి, రెండో చెయ్యి చాపింది. చూపుడువేలు గోడకి ఆనించింది.

"ఇదిగో" అంది. "ఇదే కదా?"

ఆయన కళ్లు తుడుచుకుని చూశాడు.

ఆమె ఎప్పుడు వేలు పెట్టింది? కళ్లు తుడుచుకోవడానికి ఎంతసేపు పట్టింది? నిమిషమా? నిమిషానికి చిటికెనవేలి మందం. తనే కొలిచాడు. సుద్ద గీతలు ఇంకా గోడ మీదే ఉన్నాయి. పెట్టినప్పుడు వేలు సరిగ్గా దాని మీదే ఉందేమో. ఈలోగా అదే పైకి ఎక్కిపోయిందేమో...

గోడ మీద ఒక వెలుగు బొత్తాం.

సగానికి పైగా కొరికినది.

దాని కింద, చిటికెనవేలి మందం దూరంలో, చెల్లెలి వేలు.